స్మార్ట్ టీవీలో యాప్‌లు మొరాయిస్తే ఎక్కడ వెతకాలి

స్మార్ట్ టీవీ తెరపై ‘నెట్‌వర్క్ ఎర్రర్’ అని కనిపించగానే చాలామంది ఇంటర్నెట్ ఆపరేటర్‌కు ఫోన్ చేస్తారు, లేదా టీవీని ఫ్యాక్టరీ రీసెట్ చేసేస్తారు. ఆ రెండూ తొందరపడి చేయవలసిన పనులు కావు. లోపం ఉన్నదని తెర చెబుతుందే గాని, అది ఆపరేటర్ లైనులో ఉన్నదో, రూటర్‌లో ఉన్నదో, టీవీలో ఉన్నదో, ఆ యాప్‌లోనే ఉన్నదో చెప్పదు. ముందు అది తేల్చుకోవాలి.

అందుకు ఐదు నిమిషాలు చాలు. మొరాయించిన యాప్‌ను వదిలి యూట్యూబ్ వంటి మరొకటి తెరవండి. అది చక్కగా నడుస్తుంటే మీ ఇంటర్నెట్‌కు దోషం లేదు. ఆ ఒక్క యాప్ సంగతి చూసుకుంటే సరిపోతుంది. అదీ నడవకపోతే ఫోన్‌లో హాట్‌స్పాట్ పెట్టి, టీవీని దానికి కలపండి. అప్పుడు నడిస్తే తప్పు రూటర్ వైపు ఉన్నట్లు, అప్పటికీ నడవకపోతే టీవీలోనే ఉన్నట్లు. ఈ పరీక్షను రెండు నిమిషాలతో ముగించండి, రోజుకు 1.5 జీబీ ఇచ్చే ప్యాక్‌ను హెచ్‌డీ సినిమా అరగంటలోనే ఖాళీ చేయగలదు.

తప్పు రూటర్ వైపు అని తేలితే, ఫైబర్ కనెక్షన్ ఉన్నవారు ఆ పెట్టె మీది దీపాలను చూడాలి. ఎల్‌ఓఎస్ అని రాసి ఉన్న దీపం ఎర్రగా వెలుగుతుంటే ఫైబర్ ద్వారా సిగ్నల్ రావడం లేదని అర్థం. అప్పుడు ఆపరేటర్‌కు ఫోన్ చేయడం తప్ప మనం చేయగలిగింది లేదు. దీపాలన్నీ సరిగ్గానే ఉంటే రూటర్ ప్లగ్గు తీసి, అర నిమిషం ఆగి పెట్టండి.

మన ఇళ్లలో ఎక్కువగా ఎదురయ్యే చిక్కు కరెంటు పోయి వచ్చిన తర్వాత మొదలవుతుంది. టీవీ వెంటనే లేస్తుంది గాని, రూటర్ పూర్తిగా కుదురుకోవడానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది. ఆ మధ్యలో టీవీకి నెట్ అందదు; కొన్ని టీవీలకు సరైన తేదీ కూడా అందదు. మా ఇంటి టీవీ ఒకసారి ఇలాగే వైఫై గుర్తు నిండుగా చూపిస్తూనే ఒక్క యాప్ కూడా తెరవలేదు. గంటసేపు పాస్‌వర్డులు మార్చి విసిగిపోయాక సెట్టింగ్స్‌లో చూస్తే, దాని లెక్కలో అది ఇంకా 2015 జనవరి 1. యాప్ సర్వర్‌తో మాట్లాడే ముందు ఆ సర్వర్ భద్రతా సర్టిఫికెట్ (అది అసలైన సర్వరేనని చూపే డిజిటల్ పత్రం) ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు చెల్లుతుందో టీవీ సరిచూస్తుంది. తన గడియారమే ఏళ్ల వెనుక ఉంటే ఆ సర్టిఫికెట్ ఇంకా పుట్టనే లేదని భావించి తిరస్కరిస్తుంది. తెర మీద మాత్రం షరా మామూలుగా నెట్‌వర్క్ ఎర్రరే. ఆండ్రాయిడ్, గూగుల్ టీవీలలో డేట్ అండ్ టైమ్ అన్న సెట్టింగ్‌కు వెళ్లి, ఆటోమేటిక్‌ను ఒకసారి ఆపి తిరిగి పెట్టండి. అప్పటికీ మారకపోతే చేత్తోనే తేదీ, సమయం, భారత టైమ్ జోన్ ఎంచుకోండి.

ఒక్క యాప్‌కే ఇబ్బంది అయితే, సెట్టింగ్స్‌లోని యాప్స్ జాబితాలో దాన్ని ఎంచుకుని మొదట ఫోర్స్ స్టాప్, తర్వాత క్లియర్ క్యాష్ (యాప్ దాచుకున్న తాత్కాలిక ఫైళ్లను తుడిచేది) నొక్కండి. క్లియర్ డేటా నొక్కితే లాగిన్ కూడా పోతుంది కనుక పాస్‌వర్డ్ గుర్తున్నప్పుడే ఆ పని చేయండి. తక్కువ ధర టీవీలు చాలావాటిలో మొత్తం స్టోరేజీ 8 జీబీయే; అందులో పెద్ద భాగం సిస్టమే ఆక్రమిస్తుంది కాబట్టి, చోటు లేక అప్‌డేట్లు ఆగిపోతాయి. పిల్లలు ఎక్కించిన ఆటలను తీసేస్తే సగం సమస్య తీరుతుంది. ఇక రిమోట్‌తో ఆపితే టీవీ నిద్రపోతుందే గాని నిజంగా ఆగదు. గోడ దగ్గర స్విచ్ ఆపి, ఒక నిమిషం తర్వాత వేయాలి.

యాప్ తెరుచుకున్నా బొమ్మ ఆగి ఆగి వస్తుంటే వైఫైని అనుమానించాలి. వైఫై సాధారణంగా రెండు రకాల తరంగాలలో వస్తుంది. 2.4 గిగాహెర్ట్జ్ తరంగం గోడలను కొంత మెరుగ్గా దాటుతుంది గాని, అపార్టుమెంట్లలో పక్కింటి రూటర్లన్నీ అందులోనే కిక్కిరిసి ఉంటాయి. 5 గిగాహెర్ట్జ్ వేగమైనదే గాని, రెండు గోడలు అడ్డం వస్తే చతికిలబడుతుంది. కొన్ని చౌక టీవీలకు అది కనిపించనే కనిపించదు. వీలుంటే లాన్ కేబుల్ వేయడం ఉత్తమం. చాలా టీవీల లాన్ పోర్టు వేగం 100 ఎంబీపీఎస్‌కే పరిమితమైనా, 4కే కోసం నెట్‌ఫ్లిక్స్ అడిగేది 15 ఎంబీపీఎస్ మాత్రమే.

ఇవన్నీ చేసినా ఫలితం లేకపోతే అప్పుడు ఫ్యాక్టరీ రీసెట్ చేయండి. టీవీ బాగా పాతదైతే ఆ శ్రమ కూడా వృథా కావచ్చు. 2019 డిసెంబరులో నెట్‌ఫ్లిక్స్ కొన్ని పాత టీవీలకు మద్దతు ఆపేసింది. 2021 సెప్టెంబరు 30న అనేక సైట్ల సర్టిఫికెట్లకు ఆధారమైన ఒక మూల సర్టిఫికెట్ గడువు తీరడంతో, అప్‌డేట్ లేని పాత పరికరాలు కొన్ని ఆ సైట్లను తెరవలేకపోయాయి. తెర బాగున్నంత కాలం అటువంటి టీవీని మార్చనక్కరలేదు. వెనుక హెచ్‌డీఎంఐ పోర్టులో ఒక స్ట్రీమింగ్ స్టిక్ పెట్టి, దానికి కరెంటును టీవీ యూఎస్‌బీ నుంచి కాకుండా దానితో వచ్చిన అడాప్టర్ నుంచే ఇవ్వండి. టీవీ యూఎస్‌బీ ఇచ్చే కరెంటు చాలక స్టిక్ మధ్యమధ్యలో రీస్టార్ట్ అవుతుంటుంది.