మన ఆట మనమే తయారుచేద్దాం – పాఠం 4: పాచిక పారకపోతే ఏమవుతుంది?

మనం తయారుచేస్తున్నది బల్ల చుట్టూ కూర్చుని, తలా ఒక పాత్రగా మారి కథ నడిపే ఆట (రోల్-ప్లేయింగ్ గేమ్). ఈసారి పాత్రల తయారీ మొదలుపెట్టాలి. దాన్ని వచ్చే పాఠానికి జరుపుతున్నాను. పోయినసారి అభ్యాసానికి మీరు పంపిన ఒక పేజీ నియమాలు చదివాక, ముందు ఇంకో పని తేల్చుకోవాలనిపించింది. పాచికల లెక్క దాదాపు అందరికీ వచ్చేసింది. రెండు ఆరు ముఖాల పాచికలు కలిపి వేస్తే 7 ఎందుకు ఎక్కువగా పడుతుందో, ఇరవై ముఖాల పాచికలో ప్రతి +1కీ అవకాశం 5 శాతం ఎందుకు మారుతుందో మళ్లీ చెప్పను. ఇబ్బందంతా లెక్క తర్వాత రాసిన వాక్యంలో ఉంది. చాలా పేజీల్లో అదే వాక్యం: "అంకె దాటితే పని అవుతుంది, దాటకపోతే అవదు."

అవకపోతే మరి ఏమవుతుంది? అది ఎవరూ రాయలేదు. ఆట ఆగిపోయేది సరిగ్గా అక్కడే.

ఒకరు పంపిన ఆట తీసుకుంటాను. పాత కోట, నేలమాళిగ, తాళం వేసిన తలుపు. కథంతా ఆ తలుపు వెనకే ఉంది. దొంగ పాత్రకు తాళం తీసే అవకాశం 40 శాతం. బల్ల దగ్గర జరిగేది ఇదీ:

"తాళం తీయడానికి చూస్తున్నా."
"వెయ్యి... రాలేదు."
"సరే, మళ్లీ చూస్తా."
"వెయ్యి... రాలేదు."
"మళ్లీ."

ఇక్కడ 40 శాతం అనే అంకెకు అర్థమే లేదు. రెండుసార్లు వేయనిస్తే అవకాశం 64 శాతం, మూడుసార్లకు 78, అయిదుసార్లకు 92. అడ్డు చెప్పేవాళ్లు లేనప్పుడు తలుపు ఎలాగూ తెరుచుకుంటుంది. మీరు కొలుస్తున్నది దొంగ నైపుణ్యం కాదు, ప్లేయర్ ఓపిక. పోనీ "ఒక్కసారే వేయాలి" అంటారా? పదిలో ఆరుసార్లు తలుపు మూసే ఉంటుంది, కథ దాని వెనకే ఉండిపోతుంది. అప్పుడు జీఎమ్ (గేమ్ మాస్టర్, అంటే ఆట నడిపేవాడు) కంగారుపడి గోడలో ఒక కిటికీ కల్పిస్తాడు. ఎలాగూ కిటికీ పెట్టేవాడివైతే పాచిక ఎందుకు వేయించావు?

ఇదే తప్పు తిరగబడి కూడా వస్తుంది. అది ఇంకా ప్రమాదం, ఎందుకంటే పైకి న్యాయంగానే కనిపిస్తుంది. దొంగ చప్పుడు కాకుండా కోటలోకి వెళ్లాలి, అవకాశం 70 శాతం. మంచి దొంగే. జీఎమ్ మొదటి కాపలావాడి దగ్గర వేయమంటాడు, మెట్ల దగ్గర వేయమంటాడు, వసారాలో, గది ముందు, లోపల. 0.7ని అయిదుసార్లు గుణించి చూడండి: 0.168. అంటే మంచి దొంగ ఆరింట అయిదుసార్లు దొరికిపోతాడు. తన పాత్ర వివరాల షీట్ మీద 70 చూసి సంతోషపడిన ప్లేయర్‌కి ఎక్కడ మోసపోయాడో కూడా తెలియదు. ఒక పనికి ఎన్నిసార్లు పాచిక వేయాలో మీ నియమాల్లో లేకపోతే, అవకాశాన్ని నిర్ణయించేది మీరు రాసిన అంకె కాదు, ఆ రోజు జీఎమ్‌కి తోచినన్ని సార్లు.

దీనికి లూక్ క్రేన్ తన బర్నింగ్ వీల్ ఆటలో సూటిగా జవాబిచ్చాడు. ఒక పనికి ఒక్క రోల్, అంటే పాచిక ఒక్కసారే వేయడం. పరిస్థితి నిజంగా మారితే తప్ప ఆ ఫలితమే నిలుస్తుంది. ప్లేయర్ మళ్లీ అడగడానికి లేదు, జీఎమ్ మళ్లీ వేయించడానికీ లేదు. ఈ రెండో సగాన్ని చాలామంది మర్చిపోతారు, కానీ కోటలో అయిదు చోట్ల పాచిక వేయించే గొడవ తీరేది దానితోనే. డంజన్స్ అండ్ డ్రాగన్స్ మూడో ఎడిషన్, 2000లో, ఇంకో దారి పట్టింది. తప్పినా నష్టం లేని పనైతే, తీరిక ఉంటే, పాచిక వేయకుండానే అన్నిటికన్నా పెద్ద అంకె 20 పడ్డట్టు లెక్కేసుకోవచ్చు. బదులుగా దాదాపు ఇరవై రెట్లు సమయం పడుతుంది. అంటే మళ్లీ మళ్లీ ప్రయత్నించడానికి ధర సమయమే అని ఆ నియమం పైకి చెప్పేసింది.

ఆ సమయానికి మీ ఆటలో విలువ ఉందా మరి? 1974లో గైగాక్స్, ఆర్నెసన్ల తొలి డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో ఉండేది. నేలమాళిగలో కాలాన్ని పది నిమిషాల టర్న్‌లుగా లెక్కపెట్టేవారు. టర్న్‌లు గడిచేకొద్దీ తిరుగాడే రాక్షసులు ఎదురవుతారేమో పాచికతో తేల్చేవారు. కాబట్టి "పని అవలేదు" అన్నా అక్కడ ఏదో జరిగినట్టే: పది నిమిషాలు పోయాయి, చీకట్లో ఏదో దగ్గరపడి ఉండొచ్చు. మీరు ఆ ఆటలోంచి పాచిక రోల్ మాత్రం తెచ్చుకుని, దాని పక్కన నడిచే గడియారాన్ని అక్కడే వదిలేశారు. నా ఉద్దేశంలో మీ పేజీల్లోని జబ్బుకు మూలం ఇదే. యుద్ధంలో "దెబ్బ తగల్లేదు" అన్నా విసుగు రాకపోవడానికి కారణం కూడా ఇదే. వెంటనే శత్రువు వంతు వస్తుంది. అందుకని యుద్ధం రోల్స్‌ని మార్చకండి, అవి బాగానే ఉన్నాయి.

పరిశోధన కథలు రాసినవాళ్లకు వేరే మాట చెప్పాలి. ఆధారం దొరికిందా లేదా అని పాచిక వేయించారు. తప్పితే కథ అక్కడే చతికిలపడుతుంది. రాబిన్ లాస్ తయారుచేసిన గంషూ అనే ఆట పద్ధతి ఈ చిక్కును మొదట్లోనే తెంపేసింది. సరైన నైపుణ్యం ఉన్నవాడు సరైన చోట వెతికితే ముఖ్యమైన ఆధారం దొరికి తీరుతుంది, పాచిక లేదు. ఆధారం చేతికొచ్చాక దాన్ని ఏం చేసుకుంటారన్నదే ఆట. కాల్ ఆఫ్ కథుల్హూ అనే భయానక ఆట ఏడో ఎడిషన్ మాత్రం పాచికను వదల్లేదు. తప్పిన రోల్‌ని ఒకసారి మళ్లీ వేయొచ్చు, కానీ ఈసారి పద్ధతి మార్చి ఇంకా గట్టిగా తెగించాలి, తప్పితే మొదటిదానికన్నా ఘోరమైన ఫలితం ఉంటుంది. రెండూ మంచివే. మీ కథకు భయం కావాలంటే రెండోది తీసుకోండి.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన చోటికి వస్తాను. 2010లో వచ్చిన అపోకలిప్స్ వరల్డ్‌లో రెండు ఆరు ముఖాల పాచికలు. 10 లేదా అంతకన్నా ఎక్కువైతే పూర్తి గెలుపు, 7 నుంచి 9 అయితే గెలుపుతో పాటు ఏదో చిక్కు, 6 లేదా అంతకన్నా తక్కువైతే జీఎమ్ చేతికి పగ్గాలు వెళ్తాయి. అదనపు అంకె ఏమీ లేకపోతే 36లో 6, 15, 15. +1 ఉంటే 36లో 10, 16, 10. మధ్య గడి ఎంత పెద్దదో చూశారా! పని అయింది, కానీ ఊరికే అవలేదు. పదింట నాలుగు రోల్స్‌కు పైగా ఆ గడిలోనే పడతాయి. మీ నియమాల్లో మధ్య గడి లేకపోతే, నా సలహా, ఈ రాత్రికే చేర్చండి. 2017లో జాన్ హార్పర్ బ్లేడ్స్ ఇన్ ద డార్క్ దీన్ని ఇంకో మెట్టు ఎక్కించింది. పాచిక వేయకముందే జీఎమ్ పరిస్థితి ఎంత ప్రమాదమో చెప్పాలి: అదుపులో ఉందా, రిస్కా, చావో రేవోనా. తప్పితే ఎంత పోతుందో తెలిసే ప్లేయర్ చెయ్యి చాపుతాడు. ఆ క్షణంలో బల్ల చుట్టూ వచ్చే టెన్షన్ ఏ అంకెతోనూ రాదు.

పాచికే లేకుండా ఇదంతా చేసిన ఆట డ్రెడ్. బల్ల మధ్య చెక్క దిమ్మెల గోపురం ఉంటుంది. కష్టమైన పని చేయాలంటే ఒక దిమ్మె లాగి పైన పెట్టాలి. గోపురం కూలితే ఆ పాత్ర ఆట నుంచి పోయినట్టే. లాగనని వెనక్కి తగ్గొచ్చు, పాత్ర బతుకుతుంది కానీ పని జరగదు. మళ్లీ ప్రయత్నిస్తే? లాగిన ప్రతిసారీ గోపురం ఇంకాస్త వదులవుతుంది. ఇందాకటి శాతాల చిక్కు అక్కడ పుట్టనే పుట్టదు. ఫియాస్కోలో జీఎమ్ లేడు. నీ సన్నివేశాన్ని నువ్వే మొదలుపెడితే, అది మంచిగా ముగుస్తుందో చెడుగానో మిగతావాళ్లు ఇచ్చే పాచిక రంగు చెబుతుంది. 1991 నాటి యాంబర్‌లో పాచికలే లేవు, పాత్రల శక్తులను ప్లేయర్లు వేలంలో పాడుకుంటారు. వీటి గురించి ఇంకోసారి.

ఒకరు న్యాయమైన ప్రశ్న అడిగారు: ప్రతి ఓటమికీ ఆపద తెస్తే ప్లేయర్లు పాచిక ముట్టుకోవడానికే జంకరా? జంకుతారు, మీరు ప్రతిసారీ ఆపదే తెస్తే. ఫలితం అంటే దెబ్బే కానక్కర్లేదు. సమయం పోవచ్చు, చప్పుడు కావచ్చు, ఎవరికో మాట ఇవ్వాల్సి రావచ్చు, రెండింట్లో ఒకటి వదులుకోవాల్సి రావచ్చు. ఇంకో సంగతి కూడా గుర్తుపెట్టుకోండి. ఓడిన పాత్రను చేతకానివాడిగా చూపించకండి. ఆరితేరిన దొంగ పరికరం జారవిడిచాడంటే ఆ ప్లేయర్‌కి చిన్నతనంగా ఉంటుంది. తాళం ఈమధ్యే మార్చారు, ఇది అతను ఎప్పుడూ చూడని రకం అనండి. ఓటమి అదే, పరువు మిగిలింది. కోట తలుపుకి నేనైతే ఇలా రాస్తాను: "తప్పితే: తలుపు తెరుచుకుంటుంది, కానీ లోపలివాళ్లకు తెలిసిపోయింది. లేదా నిశ్శబ్దంగా వెనక్కి వెళ్లొచ్చు, ఈ రాత్రికి ఈ తలుపు ఇక తెరుచుకోదు. ప్లేయరే ఎంచుకోవాలి."

నేను ఏ నియమం రాసినా ముందు తప్పితే ఏమవుతుందో రాస్తాను, గెలిస్తే ఏమవుతుందో తర్వాత. మొదటి వాక్యం తోచకపోతే ఆ రోల్ కొట్టేసి, పని అయిపోయిందని రాసి ముందుకెళ్తాను. ఒక పేజీ ఆటకు ముప్పై నైపుణ్యాలు రాసిన వాళ్లు కూడా ఇలాగే చేస్తే ఆరో ఏడో మిగులుతాయి. అవి చాలు. పొడుగు జాబితాలు 1986 నాటి గర్ప్స్ లాంటి పెద్ద పుస్తకానికి నప్పుతాయి.

అభ్యాసం. ఇద్దరు ముగ్గురిని కూర్చోబెట్టి మీ ఆటను ఒక గంట పాచికలు లేకుండా ఆడించండి. ఎవరైనా "ఇక్కడ వేయాలి కదా" అన్న ప్రతిచోటా ఏం చేయబోయారో ఒక ముక్కలో రాసుకోండి, ఆట మాత్రం ఆపకండి. తర్వాత ఒంటరిగా కూర్చుని ప్రతిదానికీ "తప్పితే" వాక్యం రాయండి. తోచనివాటిని కొట్టేయండి. మిగిలినవాటిలో ఒకే పనికి ఒకటికన్నా ఎక్కువసార్లు పాచిక పడేవి ఏరి, అసలు అవకాశం ఎంతో గుణించి పక్కన వేయండి. చివరగా ఒక్క సన్నివేశాన్ని దిమ్మెల గోపురంతోనో పేకముక్కలతోనో మళ్లీ ఆడి, ఏ వాక్యాలు మార్చాల్సి వచ్చిందో గుర్తుపెట్టండి. నాకు గెలుపు వాక్యాలు పంపకండి. "తప్పితే" వాక్యాలు, గుణించిన శాతాలు, గోపురం దగ్గర మారిన వాక్యాలు చాలు. వచ్చే పాఠంలో పాత్రల తయారీ. పాత్ర తయారవుతుండగానే చచ్చిపోయే అవకాశం ఉన్న 1977 నాటి ట్రావెలర్ అనే ఆటతో మొదలుపెడతాం.