మేకు గుచ్చుకున్న ప్రతిసారీ టీటీ వేయించుకోవాలా?

కాల్లో మేకు దిగిందా? టీటీ, అంటే ధనుర్వాతం టీకా కోసం పరుగెత్తే ముందు కుళాయి కింద కాలు పెట్టి సబ్బుతో బాగా కడగండి, లోపల మట్టో చెక్క పేడో ఉండిపోతే డాక్టర్ దగ్గర తీయించండి. కాఫీ పొడి, సున్నం మాత్రం అద్దొద్దు. ధనుర్వాతం తెచ్చేది తుప్పు కాదు, మట్టిలో, పేడలో ఉండే క్లాస్ట్రిడియం టెటాని అనే బ్యాక్టీరియా, దానికి గాలాడని లోతైన గాయమంటే పండగే.

తర్వాత, చివరి డోసు ఎప్పుడు పడిందో గుర్తు తెచ్చుకోండి. కనీసం మూడు డోసులు పడినవాళ్లకి, చిన్న శుభ్రమైన గాయమైతే పదేళ్లు దాటితేనే బూస్టర్ కావాలి, మట్టి అంటిన లోతు గాయమైతే ఐదేళ్లు దాటితే చాలు వేయించుకోవాలి. డోసుల సంగతే తెలియకపోతే టీకా తప్పదు. గాయం మురికిదైతే ఇమ్యునోగ్లోబులిన్ కూడా కావాలేమో అడగండి, టీకా పని మొదలెట్టడానికి రోజులు పడుతుంది, ఇమ్యునోగ్లోబులినేమో రెడీమేడ్ యాంటీబాడీ, అంటే విషాన్ని పట్టుకునే ప్రొటీన్.

పదేళ్లు ఎలా ఆగుతుందంటారా? టీకాలో ఉండేది ఆ బ్యాక్టీరియా వదిలే విషమే, కాకపోతే ఫార్మాలిన్ అనే రసాయనంతో కోరలు పీకేసింది. జబ్బలో పడగానే డెండ్రిటిక్ కణాలనే కాపలా కణాలు దాన్ని మింగి, చంకలోని లింఫ్ గ్రంథికి మోసుకెళ్లి టి కణాలనే తెల్ల రక్తకణాలకు చూపిస్తాయి, వాటి సాయంతో యాంటీబాడీలు తయారుచేసే బి కణాలు రాటుదేలి, కొన్ని ఎముక మజ్జలో మకాం పెట్టి ఏళ్ల తరబడి యాంటీబాడీలు వదులుతూనే ఉంటాయి. అవి సగానికి తగ్గడానికి దాదాపు 11 ఏళ్లు పడుతుందని 2007లో అమెరికా పరిశోధకులు లెక్కగట్టారు.

ఎక్కువైతే నష్టమేంటి అనకండి. మా బావమరిది గీసుకుపోయినప్పుడల్లా వేయించుకుంటూ ఏడాదిలో మూడోది పొడిపించుకున్నాడు, సాయంత్రానికి భుజం నుంచి మోచేయి దాకా వాచిపోయి చొక్కా చెయ్యి ఎక్కలేదు. రక్తంలో అప్పటికే కిక్కిరిసి ఉన్న యాంటీబాడీలు మందు పడిన చోటే దాన్ని పట్టుకుని గుంపుకడితే, ఆ గుంపుల మీదకి తెల్ల రక్తకణాలు ఎగబడతాయి. దీన్నే ఆర్థస్ రియాక్షన్ అంటారు. ఒకసారి ఇలా వస్తే పదేళ్ల దాకా మళ్లీ వేయరు.

ఇప్పుడు మన సర్కారు దవాఖానాల్లో టీటీ బదులు టీడీ ఇస్తున్నారు, అంటే ధనుర్వాతంతో పాటు డిఫ్తీరియా అనే గొంతు జబ్బుకీ కలిపిన టీకా. అందులో డిఫ్తీరియా మందు మోతాదు పిల్లల టీకాలో కన్నా తక్కువ, పెద్దవాళ్ల ఒంట్లో అది అతిగా రియాక్ట్ కాకుండా ఉండటానికే. గర్భిణుల లెక్క వేరు, వాళ్లకి ఏఎన్‌ఎం చెప్పినట్టే. ధనుర్వాతం వచ్చి బతికి బయటపడ్డవాళ్లూ టీకా వేయించుకోవాల్సిందే, ఎందుకంటే మనిషిని చంపగలిగే ఆ విషం మోతాదు ఎంత తక్కువంటే, దాన్ని గుర్తుపెట్టుకునే అవకాశం కూడా మన కణాలకి ఉండదు.