రూట్ 66 మీద మొహావీ ఎడారి దాటే ముందు జాగ్రత్తలు

అమెరికాలోని పాత హైవే రూట్ 66లో, కాలిఫోర్నియాలోని నీడిల్స్ ఊరి నుంచి బార్‌స్టో దాకా సాగే భాగం ఇది. ఇప్పటి పెద్ద హైవే ఐ-40 దగ్గర్లోనే ఉంది కదా అని తేలిగ్గా తీసుకోకండి.

• టైర్లలో గాలి పొద్దున్నే, బండి కదలకముందే చూసుకోండి. డ్రైవర్ డోరు దగ్గరి స్టిక్కర్‌పై ఉన్నంతే నింపాలి. ఎండకు భయపడి గాలి తగ్గిస్తే టైరు పక్కభాగం మరింత వంగి, ఇంకా వేడెక్కి పేలుతుంది. టైరు ఎంత పాతదో కూడా చూడండి. టైరు మీది కోడ్‌లో చివరి 4 అంకెలు తయారైన వారం, సంవత్సరం: 2319 అంటే 2019లో 23వ వారం. స్టెప్నీ కూడా చూడండి, అందరూ మర్చిపోయేది దాన్నే.

• మనిషికి రోజుకు కనీసం 4 లీటర్ల నీళ్లు. రేడియేటర్‌కు వేరే డబ్బా.

• వరదలకు చెక్క వంతెనలు దెబ్బతిని కొన్నిచోట్ల రోడ్డు మూసి ఉంటుంది. శాన్ బెర్నార్డినో కౌంటీ ప్రకటన బయల్దేరే రోజే చూడండి. బారికేడ్ పక్కనుంచి దయచేసి దూరకండి.

• పెట్రోలు నీడిల్స్‌లోనే ఫుల్ చేయించండి. మ్యాప్ ఫోన్‌లో ముందే డౌన్‌లోడ్ చేసుకోండి, సిగ్నల్ చాలాచోట్ల అందదు.

• ఇంజిన్ వేడి ముల్లు పైకి పోతుంటే ఏసీ ఆపి హీటర్ ఫుల్‌గా పెట్టండి. ఇంజిన్ వేడి కొంత అలా బయటికి పోతుంది. తగ్గకపోతే పక్కకు ఆపండి. రేడియేటర్ మూత చల్లారేదాకా ముట్టుకోవద్దు.

• బండి ఆగిపోతే బానెట్ ఎత్తి పెట్టి, నీడపట్టున దగ్గరే ఉండండి. నడుచుకుంటూ వెళ్లిన మనిషి కంటే బండి తొందరగా కనిపిస్తుంది.