అమ్మ చేతిరాతను పాత చీర మీద కుట్టడం

ఎంబ్రాయిడరీ అనగానే నెమళ్లు, మామిడి పిందెలు, పెళ్లి రవికె మీది మగ్గం పని గుర్తుకొస్తాయి. అవి ఎవరు కుట్టినా ఒకేలా కనిపించే నమూనాలు. చేతిరాతను కుడితే అలా ఉండదు. జర్మనీలో ఆగ్నెస్ రిక్టర్ అనే, కుట్టుపని చేసే ఒకామె, మానసిక చికిత్సాలయంలో ఉన్న కాలంలో, 1895లో, అక్కడి బట్టతోనే ఒక జాకెట్టు కుట్టుకొని దాని నిండా తన మాటలను దారంతో రాసుకున్నది. ఆ జాకెట్టు ఇప్పుడు హైడెల్‌బెర్గ్‌లోని ప్రిన్జ్‌హార్న్ సేకరణలో ఉంది. నేను కుట్టింది అంత బరువైనది కాదు. చెన్నై పడమటి మాంబళంలోని మా ఇంట్లో అమ్మ రాసిన సరుకుల చీటీ. అందులో ఆమె ‘మెంతులు’ అని రాసి, కొట్టేసి, అంగట్లో అడగడానికి వీలుగా పక్కనే దాని తమిళ పేరు ‘వెందయం’ అని తెలుగు లిపిలో దిద్దింది. ఈ ఊళ్లో తెలుగిళ్ల చీటీలు చాలావరకు ఇలాగే ఉంటాయి.

బట్టకు పాత నూలు చీర చాలు. కొంగు, అంచు బాగా నలిగి ఉంటాయి కనుక, లోపల దోపుకునే వైపు ముక్క తీసుకొని, వెలుతురుకు ఎదురుగా పట్టి, నేత పలచబడని చోట కత్తిరించాలి. దాని వెనక ఒక పొర మల్ (పలచటి నూలు) గుడ్డ వేసి, పెద్ద కుట్లతో తాత్కాలికంగా కలిపితే రింగులో బిగించినప్పుడు చిరగదు. మల్ గుడ్డ జార్జిటౌన్ గోడౌన్ వీధిలో దొరుకుతుంది గానీ, అది టోకు వీధి, ఒక్క మీటరు అడిగితే అందరూ ఇవ్వరు. రెండు గుడ్డలనూ ముందే ఉతికి గంజి వదిలించాలి.

అసలు చీటీని జాగ్రత్తగా దాచి, ఒకటిన్నర రెట్లు పెద్దదిగా జిరాక్సు తీయించుకోవాలి. పగటిపూట దానిని కిటికీ అద్దానికి అతికించి, మీద బట్ట పరచి, నీళ్లకు పోయే నీలిరంగు పెన్నుతో దిద్దుకోవాలి. ఆ గీతలు పూర్తిగా పోయేదాకా ఇస్త్రీ తగలనివ్వకూడదు, వేడికి సిరా గుడ్డను పట్టేస్తుంది. దిద్దేటప్పుడు వంకరలు సరిచేయాలనిపిస్తుంది, దయచేసి చేయకండి. మా అమ్మ ‘ప’కు తలకట్టు మామూలుకన్నా కాస్త ఎత్తులో పెడుతుంది, ఆ తేడా పోతే అది అచ్చు అక్షరమైపోతుంది.

ఆరు పోగుల దారంలో రెండు పోగులు విడదీసి, మునివేళ్ల నుంచి మోచేతి దాకా వచ్చేంత పొడవు మాత్రమే సూదికి ఎక్కించాలి. మన గుండ్రటి అక్షరాలకు కాడకుట్టు బాగా అమరుతుంది. గీత మీద ఒక కుట్టు వేసి, దాని సగం దగ్గర సూదిని పైకి తీసి, దారాన్ని ప్రతిసారీ ఒకే పక్కన ఉంచుతూ సాగాలి. తిన్నగా ఉన్నచోట కుట్టు 4 మిల్లీమీటర్లు ఉండవచ్చు. ‘ద’ పొట్ట, ‘మ’ కొమ్ము వంటి మలుపుల్లో 2 మిల్లీమీటర్లకు తగ్గించకపోతే గుండ్రం కాస్తా పలకలు పలకలుగా తేలుతుంది. కలం నడిచిన వరసలోనే సూదీ నడవాలి: ముందు అక్షరం, తరవాత గుణింతం, చివర ఒత్తు. ఒత్తులకు ఒక్క పోగు చాలు. ఒక అక్షరం నుంచి మరోదానికి సెంటీమీటరుకు మించిన దూరముంటే దారం తెంపేయడమే మేలు, లేకపోతే పలచటి చీరలోంచి వెనకటి దారం నీడలా కనిపిస్తుంది. ముడి వేయకుండా కొసను వెనకవైపు కుట్ల కింద దూర్చాలి.

కొట్టివేతను వదిలేయకూడదు. ముందు ‘మెంతులు’ పూర్తిగా కుట్టి, దాని మీదుగా వేరే రంగు ఒంటిపోగుతో పొడుగాటి దూరకుట్లు వేస్తే, కింది అక్షరాలు చదవడానికి వీలుగా మిగులుతాయి.

రంగు విషయంలో నేను దెబ్బతిన్నాను. చవకని ఒక దుకాణంలో కొన్న ఎర్రదారం మొదటి ఉతుకులోనే కారి, ‘కందిపప్పు’ చుట్టూ గులాబీ మరక మిగిల్చింది. ఇప్పుడు ప్రతి దారాన్నీ తడిపి తెల్లగుడ్డలో పది నిమిషాలు నొక్కి చూశాకే సూదికి ఎక్కిస్తున్నాను.

పని ముగిశాక చన్నీళ్లలో జాడించి, పిండకుండా తువాలు మీద బోర్లా పరచి ఆరబెట్టాలి. ఇస్త్రీ వెనకవైపు నుంచే చేయాలి. చాలామంది దీనిని అద్దం బిగించి గోడకు తగిలిస్తారు. ఈ సముద్రపు గాలి తేమకు అద్దం వెనక బూజు పట్టడం చూశాను కనుక, నేను నా ముక్కను సరుకుల సంచి లోపల జేబుగా వేయించాను.