రిటర్నుల కాలానికి ముందు: ఆఫీసు పనికి సొంత ఫోను వాడేవారికి జాగ్రత్తలు

ఇటీవల మా ఊళ్లోని ఒక ఆడిటరు కార్యాలయంలో గుమస్తాగా పనిచేసే కుర్రవాడి ఫోనుకు, బాగా తెలిసిన ఒక పార్టీ (క్లయింటు) నంబరు నుంచే, ట్రాఫిక్ చలానా పేరుతో వాట్సాప్‌లో ఒక ఫైలు వచ్చింది. పేరు చివర ఏపీకే అని ఉన్న ఆ ఫైలును అతను తెరిచాడు. సాయంత్రానికి ఖాతాలో ఉన్న కాస్త జీతం డబ్బు పోయింది. అసలు నష్టం మర్నాడు తెలిసింది. అటువంటిదే మరో ఫైలు, ఈసారి రిఫండు అనే పేరుతో, అతని నంబరు మీద ఆ కార్యాలయపు పార్టీలలో చాలామందికి వెళ్లింది. ఆడిటరు గారి ఆఫీసు నుంచి వచ్చినది కదా అని వారిలో కొందరు దాన్ని తెరిచారు.

రిటర్నుల కాలం మొదలైతే ఫారం 16లు, పాన్, ఆధార్ నకళ్లు, బ్యాంకు స్టేట్‌మెంట్లు అన్నీ ఇటువంటి కుర్రవాళ్ల సొంత ఫోన్లలోకే వచ్చి పడతాయి. చిన్న కార్యాలయాలలో ఆఫీసు ఫోను అంటూ విడిగా ఉండదు. స్క్రీన్ లాక్ పెట్టుకోవాలని, ఓటీపీ ఎవరికీ చెప్పకూడదని అందరికీ తెలుసు కనుక వాటి జోలికి పోవడం లేదు.

అన్నిటికంటే ముందు: ఏపీకే

ప్లే స్టోర్‌తో పని లేకుండా ఆండ్రాయిడ్ ఫోనులో నేరుగా యాప్‌ను ఎక్కించే ఫైలును ఏపీకే అంటారు. పెళ్లి శుభలేఖ, ఆర్టీఓ చలానా, పీఎం కిసాన్ జాబితా, బ్యాంకు కేవైసీ, పన్ను రిఫండు ఉత్తర్వు, వీటిలో ఏదీ ఎన్నడూ ఏపీకే రూపంలో ఉండదు. ఉండవలసిన అవసరమే లేదు. కాగితం పీడీఎఫ్‌గానో బొమ్మగానో వస్తుంది. ఏపీకేగా వచ్చింది కాగితం కాదు, యాప్.

తెరిచిన వెంటనే అది ఏమీ చేయలేదు. మొదట, తెలియని చోటు నుంచి యాప్ ఎక్కించడానికి మీ అనుమతి కోరుతుంది. హానికరమైన యాప్‌లను పట్టే గూగుల్ రక్షణ, ప్లే ప్రొటెక్ట్, అడ్డుపడితే దాన్ని ఆపివేయమని సలహా కూడా ఇస్తుంది. ఆ తరువాత ఎస్ఎంఎస్‌లు చదవడానికి, నోటిఫికేషన్లు చూడడానికి, చివరికి యాక్సెసిబిలిటీకి అనుమతి అడుగుతుంది. ఈ చివరిది చూపు సరిగా లేనివారికి తెర మీది మాటలు చదివి వినిపించడం వంటి అవసరాల కోసం పెట్టిన సదుపాయం. దాన్ని చేతికిస్తే ఆ యాప్ మీ తెర మీద ఉన్నదంతా చదవగలదు, మీ బదులు మీటలు నొక్కగలదు. ఇన్ని మెట్లలో ఎక్కడ ఆగినా బయటపడవచ్చు. కానీ పని ఒత్తిడిలో ఉన్న మనిషి, ఎదురుగా పార్టీ కూర్చుని ఉండగా, చదవకుండానే అన్నిటికీ సరే అని నొక్కుతూ పోతాడు. ఆ తరువాత యాప్ బొమ్మ తెర మీద కనిపించకుండా పోతుంది. ఫైలు పాడైపోయిందనుకుని అతను పనిలో పడతాడు.

ఓటీపీలు చేతికి అందుతున్నాయి కనుక మోసగాళ్లు అతని వాట్సాప్‌ను వేరే ఫోనులో తెరుస్తారు. అతని పేరుతో, అతని ఫొటోతో పార్టీలకు ఫైళ్లు పంపడం అక్కడ మొదలవుతుంది. ఇంటి అవసరాలకు మాత్రమే వాడే ఫోను అయితే నష్టం ఆ ఇంటితో పోయేది. ఆఫీసు పనికి వాడే ఫోనులో మీ మీద పదిమందికి ఉన్న నమ్మకమే ఎర అవుతుంది. అందుకే మళ్లీ చెబుతున్నాను: ఎవరి నంబరు నుంచి వచ్చినా సరే, ఏపీకేను తెరవకండి. తెలిసినవారి నంబరు నుంచి వచ్చినప్పుడు మరింత అనుమానించండి.

వాట్సాప్‌లో టూ స్టెప్ వెరిఫికేషన్‌కు ఆరంకెల పిన్ ఈరోజే పెట్టుకోండి. అది ఉంటే ఒక్క ఓటీపీతో మీ ఖాతాను వేరే ఫోనులో తెరవడం కుదరదు. మీరు పెట్టకపోతే, ఖాతా చేజిక్కించుకున్నవాడు పెట్టే వీలుంది. అప్పుడు మీ ఖాతా మీ చేతికి రావడానికి మీరే ఏడు రోజులు ఆగవలసి వస్తుంది.

నంబర్లు, పాస్‌వర్డులు

పార్టీని ప్రతిసారీ ఓటీపీ అడగడం ఎందుకని, జీఎస్టీ పోర్టల్‌లోను ఆదాయపు పన్ను పోర్టల్‌లోను పార్టీ నంబరుకు బదులు గుమస్తా నంబరు ఎక్కించే అలవాటు చాలా చోట్ల ఉంది. ఇది ఎంత సౌకర్యమో నాకు తెలియనిది కాదు. అయితే ఎస్ఎంఎస్‌లు చదివే యాప్ ఒకటి ఆ ఫోనులో చేరితే అన్ని సంస్థల ఓటీపీలూ ఒకేచోట దొరుకుతాయి. గుమస్తా ఉద్యోగం మానేసినా ఓటీపీలు అతనికే వెళ్తుంటాయి. సీజను మొదలవకముందే ఒక్కొక్క పార్టీ ప్రొఫైలు తెరిచి నంబరు మార్పించండి.

పార్టీల పాస్‌వర్డులు సొంత జీమెయిల్‌తో తెరిచిన బ్రౌజరులో దాచకండి. 2022లో సిస్కో వంటి సంస్థలోకే చొరబాటు ఈ దారిన జరిగింది: ఒక ఉద్యోగి సొంత గూగుల్ ఖాతా దొంగల చేతికి చిక్కింది, బ్రౌజరు దాచిపెట్టిన ఆఫీసు పాస్‌వర్డు దానితో పాటే పోయింది. భద్రతా పరికరాలు అమ్మే సంస్థకే తప్పలేదు; ఎక్సెల్ షీటులో పాస్‌వర్డులు రాసుకుని తమకు తామే వాట్సాప్ చేసుకునేవారి సంగతి చెప్పనక్కరలేదు.

మీ సొంత గోప్యత

కొంచెం పెద్ద సంస్థలు ఫోనులో ఆఫీసు మెయిలు పెట్టుకోవాలంటే తమ యాప్ ఎక్కించమంటాయి. అది వర్క్ ప్రొఫైల్, అంటే ఆఫీసు యాప్‌లకు ఫోనులో విడిగా ఉండే భాగం, అయితే ఆఫీసు యాప్‌ల మీద చిన్న బ్రీఫ్‌కేసు గుర్తు కనిపిస్తుంది. సంస్థ తుడిచివేయగలిగేది ఆ భాగాన్నే, మీ ఫొటోల జోలికి రాలేదు. అలా కాక ఫోను మొత్తాన్ని సంస్థ అదుపులో పెట్టమంటే, ఒక్క ఆదేశంతో అంతా చెరిగిపోయే ప్రమాదముంది. ఏది ఎక్కిస్తున్నారో ముందే అడగండి, జవాబు మెయిలులో తీసుకోండి.

యజమానులకు ఒక మాట. అంచెలంచెలుగా అమలులోకి వస్తున్న 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, తగిన భద్రత పాటించని సంస్థలకు 250 కోట్ల రూపాయల దాకా జరిమానాకు వీలు కల్పించింది. గుమస్తా ఫోనులో పోయిందని చెబితే బాధ్యత మీ మీద నుంచి తొలగిపోదు. ఓటీపీలకు, పార్టీలతో వాట్సాప్‌కు ఒక మామూలు ఫోను, ఒక సిమ్ము కొని ఆఫీసులోనే ఉంచండి.

ఇక మిగిలినవి వరుసగా:

- వాట్సాప్‌లో మీడియా ఆటోమేటిక్ డౌన్‌లోడ్‌ను, గ్యాలరీలో కనిపించే సెట్టింగును ఆపివేయండి. లేకపోతే పార్టీ పాన్ కార్డు మీ పిల్లవాడి పుట్టినరోజు ఫొటోల పక్కన చేరి, గూగుల్ ఫొటోస్‌కు ఎక్కి, అదే ఖాతాతో తెరిచిన ఇంటి టీవీలోనూ కనిపించవచ్చు.
- ఆధార్ సంఖ్య రాసుకున్నాక బొమ్మను చెరిపేయండి.
- ఆఫీసు కంప్యూటరులో వాట్సాప్ వెబ్‌ను రోజూ సాయంత్రం లాగౌట్ చేయండి.
- మీరు లాగిన్ కాకుండానే అనుమతి కోరుతూ ఫోను మోగితే కాదనే నొక్కండి, ఎన్నిసార్లు మోగినా సరే. 2022లో ఉబర్‌లోకి చొరబడినవాడు అలాగే విసిగించి, ఒక కాంట్రాక్టరు చేత సరే అనిపించుకున్నాడు.
- ఆ ఫోనును ఆటల కోసం పిల్లలకు ఇవ్వకండి. ఏపీకే వారికీ వస్తుంది, వారూ తెరుస్తారు.
- మరమ్మతుకు ఇచ్చేటప్పుడు పిన్ రాసి ఇవ్వకండి. కొత్త శాంసంగ్ ఫోన్లలో మీ ఫొటోలు, సందేశాలు కనిపించకుండా దాచే మెయింటెనెన్స్ మోడ్ ఉంది, అది వాడండి.
- రైల్వే స్టేషను చార్జింగు పాయింటులో ఫోను పెడితే సమాచారం దొంగిలిస్తారని బెంగపడడం తగ్గించుకోండి. నేను చూసిన నష్టాలలో ఒక్కటీ అక్కడి నుంచి రాలేదు. వాటిలో ఎక్కువ భాగం ఏపీకే నుంచే వచ్చాయి.
- స్టార్, హ్యాష్, సున్నా, ఆరు, హ్యాష్ నొక్కి, ఫోనును గుర్తించే ఐఎంఈఐ నంబరు తెలుసుకుని కాగితం మీద రాసిపెట్టుకోండి. ఫోను పోతే పోలీసులకు ఫిర్యాదు చేసి ప్రభుత్వ పోర్టల్ సంచార్ సాథీలో దాన్ని బ్లాక్ చేయించడానికి కావలసింది అదే.
- ఉద్యోగం మానేరోజున ఆఫీసు గ్రూపుల నుంచి బయటకు రండి, ఆఫీసు ఖాతాలు తీసివేయించుకోండి, మీ నంబరు ఏ పోర్టల్‌లోనూ మిగలలేదని రాతపూర్వకంగా తీసుకోండి.
- ఏపీకేను తెరవకండి. ప్లే ప్రొటెక్ట్‌ను ఆపమన్నది ఏదైనా సరే, తెరవకండి.
- తెరిచేశారా, వెంటనే ఫ్లైట్ మోడ్ పెట్టండి, వైఫై కూడా ఆగిందో లేదో చూడండి. వేరే ఫోను నుంచి బ్యాంకుకు, సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి చెప్పండి. ఆ సందేశాన్ని, ఫైలు పేరును వేరే ఫోనుతో ఫొటో తీయండి. పాస్‌వర్డులన్నీ వేరే పరికరం నుంచి మార్చండి. ఫోనును ఫ్యాక్టరీ రీసెట్ చేయడం ఆ తరువాతే.
- ఆడిటరు గారికి అదే గంటలో చెప్పండి. తిడతారు, తిట్టనివ్వండి. తరువాత ఇద్దరూ కూర్చుని పార్టీల జాబితా ముందు పెట్టుకుని, వాట్సాప్‌లో కాకుండా ఒక్కొక్కరికీ ఫోను చేసి, మా నంబరు నుంచి వచ్చిన ఫైలు తెరవవద్దని చెప్పండి.