సంప్‌లో ఇసుక, నీటి మట్టం: చేయి పెట్టే ముందు జాగ్రత్తలు

సముద్రపు చేపల తొట్టి కింద పంపు, హీటరు, ఫిల్టరు పెట్టే రెండో తొట్టి, అంటే సంప్‌లో ఏ పని మొదలుపెట్టాలన్నా ముందు హీటరు ఆపండి. నీరు తగ్గి అది బయటపడితే, వేడెక్కిన దాని గాజు పగులుతుంది. తడి చేతులతో ప్లగ్గు ముట్టుకోవద్దు.

అన్నిటికంటే ముఖ్యమైనది కరెంటు పోయినప్పటి లెక్క. పంపు ఆగగానే పై తొట్టి నీరు సంప్‌లోకి దిగుతుంది. 120 సెంటీమీటర్ల పొడవు, 45 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న తొట్టిలో ఒక్క సెంటీమీటరు మట్టం అంటే 5.4 లీటర్లు! నీటిని పైకి పంపే గొట్టం మూతి 2 సెంటీమీటర్ల లోతున ఉంటే దాదాపు 11 లీటర్లు వెనక్కి వస్తాయి. కాబట్టి పంపు ఆపి, నీరంతా దిగాక, సంప్ అంచు దాకా ఇంకా ఖాళీ ఉందో లేదో కళ్లారా చూడండి. పంపు నడుస్తున్నప్పుడు దాటకూడని మట్టం దగ్గర గీత గీయండి. ఇసుక వేస్తే నీరు పైకి జరుగుతుంది, అందువల్ల వేసిన తర్వాత ఈ పరీక్ష మళ్లీ చేయాల్సిందే.

కొత్త ఇసుకను బాగా కడగండి. మడ్డి పేరుకునే దాకా పంపు వేయవద్దు, ఇసుక రేణువులు దాని లోపలి భాగాలను అరగదీస్తాయి.

పాత ఇసుక మందంగా ఉంటే దయచేసి ఒక్కసారిగా కలియబెట్టవద్దు. గాలి అందని అడుగున హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువు ఉండవచ్చు. కుళ్లిన గుడ్ల వాసన వస్తే అక్కడితో ఆపేయండి, అది చేపల ప్రాణం తీస్తుంది.

ఆవిరైన నీటికి బదులు ఆర్వో మంచినీళ్లే పోయాలి. ఉప్పు ఆవిరి కాదు.