సాపా మెట్ల పొలాల్లో ట్రెక్: ఎలా ప్లాన్ చేసుకోవాలి?

బెంగళూరులో మా ఆఫీసు నుంచి ఏటా ఎవరో ఒకరు వియత్నాంలోని సాపా వెళ్లి, కొండ నిండా వరి కోసేశాక మిగిలిన కొయ్యకాళ్లు చూసి వస్తారు. "ఫోటోల్లో ఉన్నట్టు లేదండీ" అని నా దగ్గర వాపోతారు. దసరా సెలవుల్లో వెళ్తే ఎలా ఉంటుంది మరి?

తేలిక పనులు ముందు కానిద్దాం. ఈ-వీసా ఆన్‌లైన్‌లోనే, సింగిల్ ఎంట్రీకి 25 డాలర్లు. ఇంటిపేరు, పేరు పాస్‌పోర్టులో ఎలా ఉంటే అక్షరం పొల్లుపోకుండా అలాగే రాయండి. రెయిన్‌కోటు, నాలుగు జతల సాక్సులు, బెంగళూరు దగ్గరి స్కందగిరి కొండ రెండుసార్లైనా ఎక్కి దిగిన పాత బూట్లు చాలు. కొత్త బూట్లు వద్దు. బురద మరీ ఎక్కువైతే సాపాలో రబ్బరు బూట్లు అద్దెకిస్తారు.

హనోయి నుంచి లావ్‌కాయ్‌కి రాత్రి రైలెక్కాలి. స్లీపర్ బస్సు ఐదారు గంటల్లో నేరుగా సాపాలోనే దింపుతుందని అందరూ చెబుతారు. నిజమే, కానీ అందులో నిద్ర పట్టదు. కాచిగూడ రైలుకు అలవాటుపడ్డ ప్రాణాలకు రైలే మేలు. లావ్‌కాయ్‌లో దిగితే సాపా ఇంకో గంట. లావ్‌చాయ్ అని ఒక ఊరు కూడా ఉంది, అది లోయలో ఉంటుంది. బుకింగ్‌లో ఈ రెంటినీ కలిపేయకండి.

ఇప్పుడు అసలు పని, తేదీ.

సాపాలో చలి వల్ల ఏడాదికి ఒక్కటే పంట. మన గోదావరి జిల్లాల్లోలా సార్వా, దాళ్వా అని రెండు ఉండవు, తప్పితే మళ్లీ వచ్చే ఏడాదే. మే, జూన్ నెలల్లో మడులకు నీళ్లు పెట్టి, దమ్ము చేసి, నాట్లు వేస్తారు. అప్పుడు మడి మడిలో ఆకాశం కనిపిస్తుంది. జూలై, ఆగస్టుల్లో అంతా పచ్చదనం, దాంతోపాటే జోరు వాన. పంట పసుపు తిరిగేది ఆగస్టు చివర్లో. సెప్టెంబరు నెలాఖరుకల్లా చాలా మడుల్లో కోత అయిపోతుంది. అందుకే దసరా సెలవులకు వెళ్తే మిగిలేవి కొయ్యకాళ్లే.

సెప్టెంబరు 2 వాళ్ల జాతీయ దినం, ఆ చుట్టుపక్కల రోజుల్లో సాపా కిటకిటలాడుతుంది కాబట్టి వద్దు. 2026లో వినాయక చవితి సెప్టెంబరు 14, సోమవారం. లాంగ్ వీకెండ్, మంచి సమయమే. పండగ పూట ఇల్లు కదలం అంటారా, దానికి ముందు వారం వెళ్లండి.

క్యాలెండర్ ఒక్కటే నమ్మకండి. ఒకసారి నేను ఒక హోమ్‌స్టే వాళ్లు పంపిన బంగారు రంగు ఫోటో చూసి టికెట్లు కొన్నాను. అది కిందటేడాది ఫోటో. నేను వెళ్లేసరికి లోయంతా గడ్డి కాల్చిన పొగ. అప్పటినుంచి కొండ ఫోటో అడగడం మానేశాను. ఒక్క వరి వెన్నును, అంటే కంకిని, అరచేతిలో పెట్టుకుని ఇవాళే ఫోటో తీసి పంపమంటాను. వెన్ను కొస నుంచి కిందికి గింజలు పండుతూ వస్తాయి. వెన్ను అడుగున గింజలు ఇంకా ఆకుపచ్చగా ఉంటే టైముంది. నూటికి 80 గింజలు పసుపైతే కొడవలి సిద్ధమైనట్టే, బయల్దేరండి. ఊరికీ ఊరికీ తేడా ఉంటుంది కనుక ఏ ఊళ్లో పడుకుంటారో ఆ ఊరి వెన్నే కావాలి.

ఇది తుపాన్ల కాలం కూడా. 2024 సెప్టెంబరులో యాగి తుపాను వచ్చినప్పుడు లావ్‌కాయ్ ప్రావిన్సులో కొండచరియలు విరిగిపడి ఊళ్లు కొట్టుకుపోయాయి. అందుకే రెండు రోజులు ఖాళీగా ఉంచుకోండి. కుండపోత పడుతుంటే నడవొద్దు, హోటల్ డబ్బు పోతే పోనీ.

నడకకు సాపా నుంచి యీ లిన్ హో, లావ్‌చాయ్ మీదుగా తా వాన్ వరకు, సుమారు 12 కిలోమీటర్లు. స్థానిక హ్మాంగ్ తెగ మహిళను గైడ్‌గా పెట్టుకోండి. మ్యాప్ చూసుకుని పోతామనే వాళ్లతో నాకు మాటల్లేవు. గట్టు మీద ఒకరి వెనక ఒకరు, మధ్యలో అడుగేయాలి. అంచు తొక్కితే పిడికెడు మట్టి జారుతుంది, ఆ సందులోంచి నీళ్లు కింది మడిలోకి ధార కడతాయి. ఆ రైతు మళ్లీ మట్టి మెత్తుకోవాలి.

శాకాహారులు "ఆన్ చాయ్" అనాలి. టీ రాదు, మాంసం లేని భోజనం వస్తుంది. చేప సాస్ కూడా వద్దని విడిగా చెప్పండి. గోంగూర పచ్చడి తీసుకెళ్తే చెక్-ఇన్ బ్యాగులో పెట్టండి. చేతి బ్యాగులో పెడితే బెంగళూరు ఎయిర్‌పోర్టులోనే వదిలేసి వెళ్లాల్సి వస్తుంది.